డబ్బాలో దాచిన ఏడు రోజులు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ రాస్తే ఓ మోస్తరు పుస్తకం అవుతుంది. వాటిలో చాలావాటికి నష్టపోయింది నేనొక్కణ్ణే కాబట్టి పెళ్ళిళ్ళలో, రైలు ప్రయాణాల్లో చెప్పి నలుగురినీ నవ్వించి బతికిపోయాను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇందులో ఒక లారీ మెకానిక్కు, ఒక బిస్కెట్ డబ్బా, ఒక సీలింగు ఫ్యాను, పామర్రు వైపు ఎడ్ల పందేల్లో మోగిన ఒక మైకు ఉన్నాయి. నవ్వుకోవడానికి సరుకు బాగానే ఉంది. కాకపోతే చివర ఏం జరిగిందో ముందే చెప్పేస్తాను, తర్వాత మోసం చేశానని మీరు అనుకోకుండా. నా అతితెలివి వల్ల మా అమ్మాయి గుండె దెబ్బతింది.

ఇది రాయడానికి అనుమతి ఇచ్చింది మా అమ్మాయి మేఘనే. ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఒకే ఒక్క షరతు పెట్టింది. "నవ్వొచ్చేలా రాయి నాన్నా. ఏడుపొచ్చేలా రాస్తే రెండో పేజీలోనే ఆపేస్తాను" అంది. అందుచేత దయచేసి నవ్వండి. మీరు నవ్వకపోతే ఇంట్లో నా పని అయిపోతుంది.

ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు బాగుచేసే షెడ్డు నాది. నా పేరు రాంబాబు. ఆ పేరు ఆధార్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా చెల్లదు. మా వీధిలో అందరూ నన్ను చెవి రాంబాబు అంటారు. పొడుగు స్క్రూడ్రైవర్ కొనను నడుస్తున్న ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకున్నానంటే లోపల ఏ ముక్క అరిగిందో, ఏ వాల్వు కారుతోందో చెప్పేస్తాను. విప్పి చూస్తే నూటికి తొంభైసార్లు నా మాటే నిజమయ్యేది. ఆ తొంభైసార్ల గర్వం నా నెత్తికెక్కి కూర్చుంది. ఇంజను మాట వినేవాడికి మనిషి ఒంటి మాట వినడం ఎంతసేపు అనుకునేవాణ్ణి.

నాకు ఇంకో జబ్బు కూడా ఉంది. మా పనిలో ఉన్నవాళ్ళందరికీ ఉండేదే. ఇంజను బిగించాక నాలుగు బోల్టులో, రెండు వాషర్లో మిగులుతాయి. వాటిని ఎవరూ పారేయరు. ఒక డబ్బాలో పడేస్తారు. ఈ లారీకి మిగిలింది రేపు ఇంకో లారీకి పనికొస్తుంది. షెడ్డులో అలాంటి డబ్బాలు పదకొండు ఉండేవి. ఇంట్లో పన్నెండోది ఉండేది, గుండ్రటి బిస్కెట్ డబ్బా. అందులో దాచేవి బోల్టులు కావు, మిగిలిపోయిన మాత్రలు. ఎవరికి ఏ జబ్బు చేసినా తగ్గిన రోజునే మందు ఆపించి, మిగిలినవి అందులో వేసేవాణ్ణి. చుట్టాలొచ్చి తలనొప్పి అన్నా, నడుం పట్టేసింది అన్నా డబ్బా మూత తీసి రంగును బట్టి ఒకటి ఇచ్చేవాణ్ణి. వాళ్ళు ఎలా బతికారో ఇప్పటికీ నాకు తెలియదు.

రెండేళ్ళ కిందటి సంగతి. మేఘన అప్పుడు ఏడో తరగతి. ఖోఖో అంటే ప్రాణం. స్కూలు జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తేది. జిల్లా పోటీలకు ఎంపికైందని ఇంట్లో కూడా నడవడం మానేసి పరిగెత్తేది. మా ఆవిడ పద్మ ఆ సమయంలో పామర్రులో ఉంది. వాళ్ళమ్మకి కంటి ఆపరేషన్ జరిగింది. చుక్కల మందు వేయడానికి మనిషి కావాలని పది రోజుల కోసం వెళ్ళింది. అంటే ఆ పది రోజులూ ఇంటికి నేనే వంటవాణ్ణి, నేనే డాక్టర్ని.

పొద్దున బాగానే వెళ్ళిన పిల్ల సాయంత్రం వచ్చేసరికి ఒళ్ళు కాలిపోతోంది. ఉమ్మి మింగాలన్నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను. మిరియాల పాలు కాచాను, అవి ఎంత ఘాటుగా ఉన్నాయంటే వాసనకే నాకు తుమ్ములొచ్చాయి. పద్మ ఫోన్లో ఒక్కటే మాట అంది.

"మీ వైద్యం ఆపండి. పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి."

"చిన్న గొంతు నొప్పికి డాక్టరెందుకే?"

"మీరు తీసుకెళ్తారా, నన్ను బస్సెక్కమంటారా?"

తీసుకెళ్ళాను. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. టార్చి వేసి గొంతు చూసింది. దవడ కింద రెండు వేళ్ళతో తడిమితే మేఘన కెవ్వుమంది.

"బిళ్ళలు కట్టాయి. టాన్సిల్స్ ఎర్రగా వాచి, వాటి మీద తెల్లగా మచ్చలున్నాయి. దగ్గుందా అండీ?"

"లేదండి."

"ముక్కు కారడం, తుమ్ములు?"

"తుమ్ములు నాకండి. పాపకి లేవు."

ఆవిడ నవ్వలేదు. పుల్లకి చుట్టిన దూదితో గొంతులో తుడిచి పరీక్షకి పంపి, మర్నాడు రమ్మంది. మర్నాడు కాగితం చూసి, అనుకున్నట్టే బాక్టీరియా అని చెప్పింది. మందు రాస్తూ చాలా విషయాలు వివరించింది. ఆ వివరమంతా నేను శ్రద్ధగా వినవలసిన సమయంలో నా చెవి ఆవిడ నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాను మీద పడింది. తిరిగినప్పుడల్లా కటక్ మంటోంది. బేరింగు పోతోందన్నమాట. ఆటోనగర్ చెవికి అలాంటి చప్పుడు వినిపిస్తే ఇక లోకంలో ఇంకేదీ వినిపించదు.

అందువల్ల ఆ రోజు నేను విన్నది ఇలా ఉంది. "ఇది మామూలు జలుబు వల్ల వచ్చే నొప్పి కాదండి... కటక్... వైరస్ అయితే యాంటీబయాటిక్ అక్కర్లేదు, ఇది అలా కాదు... కటక్... పొద్దునొకటి, సాయంత్రం ఒకటి, పది రోజులు... కటక్... రెండు మూడు రోజుల్లో తగ్గినట్టే ఉంటుంది, అయినా సరే... కటక్... కొందరు పిల్లల్లో తర్వాత గుండెకి..."

"మేడం," అన్నాను, "ఫ్యాను బేరింగు పోతోందండి. చప్పుడు చిన్నదే కదా అని ఊరుకోకండి. ఇప్పుడే మార్పిస్తే చిన్న పని. వదిలేస్తే మోటారు కాలిపోతుంది."

డాక్టరమ్మ పెన్ను ఆపి పైకి చూసింది, తర్వాత నా వైపు చూసింది. "అలాగేనండి, మార్పిస్తాను. నేను చెప్పింది అర్థమైందా?"

"అర్థమైందండి. పది రోజులు."

ఇరవై క్యాప్సూల్స్ తెచ్చాను. మొదటి రోజు రెండు, రెండో రోజు రెండు, మూడో రోజు రెండు. మూడో రోజు సాయంత్రానికి మేఘన మంచం మీంచి గోడ మీదకి, గోడ మీంచి మంచం మీదకి దూకుతోంది. జ్వరం లేదు, నొప్పి లేదు. ఇడ్లీలు ఆరు తింది. నాలుగో రోజు పొద్దున మాత్ర ఇవ్వబోయి ఆగిపోయాను.

"నాన్నా, మాత్ర?"

"ఇంకెందుకమ్మా? తగ్గిపోయిందిగా."

"డాక్టరాంటీ పది రోజులంది కదా."

"లారీ బాగయ్యాక కూడా షెడ్డులోనే కట్టేసుకుంటామా చెప్పు?"

ఆ మాటకి నేనే నవ్వాను, అదీ నవ్వింది. పన్నెండేళ్ళ పిల్ల, వాళ్ళ నాన్న మాట నమ్మింది. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ ముందు వారమే ఒక డ్రైవరు, చప్పుడు ఆగిపోయిందని పని సగంలో ఉండగానే లారీ తీసుకెళ్ళిపోతానంటే, "చప్పుడు ఆగితే రోగం పోయినట్టు కాదురా" అని షెడ్డు అదిరేలా తిట్టాను. ఇంటికొచ్చి సరిగ్గా ఆ డ్రైవరు చేయబోయిన పనే చేశాను. మిగిలిన పద్నాలుగు క్యాప్సూల్సూ బిస్కెట్ డబ్బాలోకి వెళ్ళాయి. ఏడు రోజుల మందు ఆదా చేశానని తృప్తిగా మూత పెట్టాను.

ఆ సాయంత్రం పద్మ ఫోను. "మాత్రలు వేస్తున్నారా?"

"టంచనుగా."

ఒక్క మాట. ఎంత సులువుగా వచ్చిందో.

ఇక మా బావమరిది శేషు ప్రవేశం. పామర్రు దగ్గర వ్యవసాయం చేస్తాడు. కానీ అతనికి పేరు తెచ్చింది పంట కాదు, గొంతు. చుట్టుపక్కల ఎడ్ల పందేలు ఎక్కడ జరిగినా మైకు శేషుదే. ఎడ్లు బండ లాగుతుంటే అతను చెప్పే మాటలకి, లాగేది ఎడ్లా శేషునా అన్న అనుమానం వస్తుంది. మోటారు సామాను కోసం ఆటోనగర్ వచ్చి, భోజనానికి మా ఇంటికి వచ్చాడు. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు.

"ఏమైందిరా శేషూ?"

"రెండు రోజుల పందేలు బావా... అరిచి అరిచి... ఆదివారం ఫైనలు... గొంతు లేదు."

వెంటనే లేచి డబ్బా తెచ్చాను. "మీ మేనకోడలికి గొంతు మూడు రోజుల్లో లేచొచ్చింది. నువ్వు పెద్దాడివి, నీకు రెండు రోజులు చాలు. పట్టుకుపో."

"డాక్టర్ని అడగక్కర్లేదా?"

"అడిగినవాణ్ణి నేనున్నాగా."

అరిచి పోగొట్టుకున్న గొంతుకి యాంటీబయాటిక్‌తో సంబంధమే లేదని, అతనికి కావలసింది నోరు మూసుకుని ఉండటమేనని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు తెలియదు. శేషుకి అసలే తొందర. పద్నాలుగూ రెండు రోజుల్లో మింగేశాడు. ఆదివారం మధ్యాహ్నం ఫైనలు. మందు వల్ల కాదుగానీ, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకపోవడం వల్ల గొంతు కొంచెం తెరుచుకుంది. మైకు అందుకున్నాడు. ఎడ్లు మూడో చుట్టు తిరుగుతున్నాయి, జనం ఊపిరి బిగబట్టారు, మనవాడు "కదిలిందయ్యా బండ" అంటూ ఉండగా కడుపులో ఇంకేదో కదిలింది. మాట మధ్యలో ఆపి మినప చేలోకి పరుగు తీశాడు. చేతిలో ఉన్నది తీగ లేని మైకు. ఆపడం మర్చిపోయాడు. మిగతాది నేను రాయను. ఆ రోజు గెలిచిన ఎడ్లు ఎవరివో అక్కడ ఎవరికీ గుర్తు లేదు, శేషు మాత్రం అందరికీ గుర్తున్నాడు.

నేను ఫోన్లో ఈ కథ విని పడీపడీ నవ్వుతున్నాను. అవతల పద్మ నవ్వడం లేదు.

"వీడు మింగినవి ఏం మాత్రలండీ?"

"ఏవో, గొంతువి."

"మేఘన మాత్రలా?"

నేను నవ్వు ఆపాను.

"టంచనుగా వేస్తున్నానన్నారు."

ఆ మాట కోపంగా అని ఉంటే నాకు బాగుండేది. చాలా నెమ్మదిగా అంది. తర్వాతి బస్సుకే వచ్చేసింది. వచ్చీ రాగానే డాక్టరమ్మ దగ్గరికి పదమంది. ఆస్పత్రికి వెళ్తే ఆవిడ వారం రోజులు సెలవు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్దామంటే నేనే అడ్డుపడ్డాను. "పిల్ల గంతులేస్తోంది చూడు, ఇంకా ఏం చూపిస్తావు?" అన్నాను. మేఘన అక్కడే తాడాట ఆడుతోంది. ఆ దూకుడు చూసి పద్మ కూడా సగం నమ్మింది. ఈలోగా వాళ్ళమ్మ కన్ను ఎర్రబడిందని ఫోనొస్తే మళ్ళీ పామర్రు వెళ్ళింది. తర్వాత ఆ సంగతి అందరం మర్చిపోయాం. పద్మ తప్పు ఇందులో లేదు. నమ్మించినవాణ్ణి నేను.

గొంతు నొప్పి వచ్చిన మూడు వారాలకు, పద్మ ఇంకా పామర్రులోనే ఉండగా, మేఘన కుడి మోకాలు వాచింది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

"ఎక్కడ పడ్డావే?"

"పడలేదు నాన్నా."

"ఖోఖోలో పడే ఉంటావు. గుర్తుండదులే."

నొప్పులకి రాసే మందు పట్టించాను. రెండు రోజుల్లో మోకాలు తగ్గింది. నా వైద్యం ఫలించిందని సంబరపడేలోపు ఎడమ చీలమండ వాచింది. అది తగ్గుతుండగా మణికట్టు. కొద్దిగా జ్వరం. మెట్లెక్కితే ఆయాసంగా ఉంది అంది. పోటీలకు అంతగా ఆడుతున్నావు కదా, అలసట అన్నాను. అన్నిటికీ నా దగ్గర ఒక జవాబు ఉండేది.

మర్నాడు షెడ్డులో టీ తాగుతూ దీన్ని తమాషాగా చెప్పాను. "మా అమ్మాయి నొప్పికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది ఖాజా. రెండు రోజులకోసారి ట్రాన్స్‌ఫరు. మోకాల్నుంచి చీలమండకి, అక్కణ్ణుంచి మణికట్టుకి."

ఖాజా నాతో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. నేను ఏం చెప్పినా ముందు నవ్వేది అతనే. ఆ రోజు నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"అంతకుముందు పాపకి గొంతు నొప్పి వచ్చిందా అన్నా?"

"వచ్చింది. మూడు వారాలు దాటింది. నీకెలా తెలుసు?"

"మా షమీమ్ అక్కకి ఇట్టాగే వచ్చింది అన్నా, చిన్నప్పుడు. నొప్పి ఇట్టాగే దూకింది. మా అమ్మ కూడా నూనె రాసింది. నొప్పులు పోయినయ్, మేమూ మర్చిపోయాం. పెళ్ళయ్యాక కడుపుతో ఉన్నప్పుడు ఊపిరి అందక ఆస్పత్రికి తీసుకెళ్తే అప్పుడు చెప్పారు, గుండె ఎప్పుడో పాడైందని. ఇంటికి తిరిగి రాలేదు."

ఇరవై ఏళ్ళుగా పక్కపక్కన పనిచేస్తున్నాం. అతనికి అక్క ఉండేదని కూడా నాకు తెలియదు. నేనెప్పుడూ ఇంజన్ల మాటే విన్నాను.

"ఇంకా కూర్చున్నావేంటి, లే అన్నా," అన్నాడు ఖాజా. షట్టరు అతనే దించాడు.

మేఘనని తీసుకుని డాక్టరమ్మ గదిలో అడుగుపెట్టగానే నాకు ఏదో తేడాగా అనిపించింది. అంతా నిశ్శబ్దంగా ఉంది. పైకి చూశాను. ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది. నేను చూడటం ఆవిడ చూసింది.

"మీరు చెప్పాక మర్నాడే బేరింగు మార్పించానండి," అంది.

ఆవిడ మామూలుగానే అంది. నాకే ఆ మాట ఎక్కడో తగిలింది. నేను చెప్పింది ఆవిడ చేసింది. ఆవిడ చెప్పింది నేను చేయలేదు.

మేఘన గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. పడుకోబెట్టి విన్నది, ఎడమ పక్కకి తిప్పి విన్నది. అంతసేపు ఎందుకు వింటారో నా వృత్తిలో ఉన్నవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. బాగున్న ఇంజన్ని ఎవరూ అంతసేపు వినరు.

"క్యాప్సూల్స్ పది రోజులూ వాడారా?"

"మూడు రోజులు వాడామండి."

"మిగతా పద్నాలుగు?"

"మా బావమరిది మింగాడండి."

"ఆయనకేమైంది?"

"అరిచి గొంతు పోయిందండి. ఎడ్ల పందేల్లో."

డాక్టరమ్మ నుదురు పట్టుకుంది. ఆ స్థితిలో కూడా మేఘన కిసుక్కున నవ్వి, "మామయ్య మైకు ఆపలేదు ఆంటీ" అంది. మరుక్షణం మణికట్టు పట్టుకుని ముఖం ముడిచింది.

"గొంతులో జబ్బు మోకాలికి ఎలా దిగిందండీ? మధ్యలో పైపేం లేదు కదా," అన్నాను. వెధవ బుద్ధి ఎక్కడికి పోతుంది.

"గొంతులో సూక్ష్మజీవి కిందికి దిగలేదండి. దానితో పోరాడటానికి ఒంట్లో సైన్యం తయారవుతుంది. ఆ సూక్ష్మజీవికీ, మన కీళ్ళకీ, గుండె కవాటాలకీ ఎక్కడో కొంచెం పోలిక ఉంది. సైన్యం పొరబడి సొంత ఒంటి మీదే పడుతుంది. దీన్ని రుమాటిక్ జ్వరం అంటాం. అందరికీ రాదు. ఎవరికొస్తుందో ముందు చెప్పలేం కాబట్టే, తగ్గినా పది రోజులు వాడమంటాం. కీళ్ళ వాపు పూర్తిగా పోతుంది. గుండె కవాటం మీద పడిన దెబ్బ అంత తేలిగ్గా పోదు." ఆవిడ పెన్ను అందుకుని, "మూత్రం ముదురు రంగులో వచ్చిందా? పొద్దున్నే ముఖం ఉబ్బుతోందా?" అని అడిగింది.

"లేదండి. అదెందుకండీ?"

"కొందరికి మూత్రపిండాలు కూడా వాస్తాయి. అది లేదు, సంతోషం."

"ఆ ఏడు రోజులూ వేసి ఉంటే ఇది వచ్చేది కాదా అండీ?"

"ఖచ్చితంగా రాదని ఎవరూ చెప్పలేరు. వచ్చే అవకాశం మాత్రం చాలా తగ్గేది."

అబద్ధం చెప్పి ఓదార్చలేదు, నిజం చెప్పి తిట్టనూ లేదు. తిట్టి ఉంటే బాగుండేది. గుండె స్కాను తీయిస్తే ఎడమవైపు కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారుతోందని తేలింది. నేను మొండిగా అడిగాను. "ఒక్కసారి నన్ను విననివ్వండి."

ఆవిడ స్టెతస్కోపు నా చెవులకి తగిలించి, ఎక్కడ ఆనించాలో చూపించింది. లబ్ అన్న చప్పుడు తర్వాత డబ్ రావాలి. రెండిటి మధ్యన సన్నగా, గాలి జారినట్టు, ఉస్సుమని ఒక చప్పుడు. ఆ చప్పుడు వినగానే ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది. ఊళ్ళో లారీలన్నిటికీ పట్టుకున్న చప్పుడు, మా ఇంట్లో, నా పక్కనే అన్నం తింటూ ఉంటే వినలేదు.

"ఎలా ఉంది నాన్నా?" అంది మేఘన.

స్టెతస్కోపు తీసి డాక్టరమ్మ చేతికి ఇచ్చేశాను. అన్నిటికీ జవాబున్నవాణ్ణి.

ఆస్పత్రిలో కొన్నాళ్ళు, ఇంట్లో మంచం మీద కొన్నాళ్ళు గడిచాయి. జిల్లా పోటీలు దాని మంచం పక్కనుంచే వెళ్ళిపోయాయి. ఆ రోజు కిటికీ వైపు తిరిగి పడుకుంది. పద్మ నాతో ఆ నెలంతా అవసరమైన మాటలే మాట్లాడింది. "ఉప్పు తక్కువైందా" లాంటివి. ఒక రోజు బిస్కెట్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళింది. డబ్బాలో ఉన్నవన్నీ మందుల షాపులో అప్పజెప్పి, ఇంట్లో ఏడ్వడం చేతకాక షెడ్డుకి వెళ్ళి ఏడ్చాను. ఖాజా ఇంజన్ స్టార్టు చేసి ఉంచాడు, ఎవరికీ వినిపించకుండా.

అప్పటినుంచి మూడు వారాలకోసారి మేఘనకి పెన్సిలిన్ సూది. గొంతు మళ్ళీ చెడకుండా, గుండెకి రెండో దెబ్బ తగలకుండా. మామూలు సూది కాదది. తుంటిలో దించితే రెండు రోజులు కుంటుతుంది. "కనీసం పాతికేళ్ళు వచ్చేదాకా వేయించాలి. ఆ తర్వాత కవాటాన్ని బట్టి చూద్దాం" అంది డాక్టరమ్మ. నేను ఆదా చేసిన ఏడు రోజులకి బదులు నా కూతురు కడుతున్న సంవత్సరాలవి. కిందటి స్కానులో కారడం పెరగలేదని చెప్పింది, సూది మానకపోతే ఇంకా మెరుగయ్యే వీలుందని కూడా. పోటీ ఆటలు మాత్రం వద్దంది.

అందుకని మేఘన ఇప్పుడు ఖోఖో ఆడదు, ఆడిస్తుంది. మెళ్ళో ఈల వేసుకుని గీత పక్కన నిలబడుతుంది. మొదటిసారి చూడలేకపోయాను. ఎవరైనా పరిగెత్తుతుంటే దాని కాళ్ళు కూడా నేల మీద చిన్నగా కదులుతాయి.

కిందటి నెల సూది వేయించాల్సిన రోజునే స్కూల్లో ఆట. అయ్యాక అటునుంచి అటే ఆస్పత్రికి తీసుకెళ్దామని వెళ్ళి కూర్చున్నాను. ఆట మంచి ఊపులో ఉంది. ఉన్నట్టుండి మేఘన ఈల ఊదింది. తప్పు ఎవరు చేశారో ఎవరికీ అర్థం కాలేదు. అది తిన్నగా ఒక చిన్నపిల్ల దగ్గరికి నడిచింది. ఆ పిల్ల గొంతు పట్టుకుని ఉమ్మి మింగుతోంది.

"నొప్పా? ఎప్పట్నుంచి?"

"పొద్దున్నుంచి అక్కా."

"దగ్గుందా? జలుబుందా?" లేదని పిల్ల తలూపింది. మేఘన దవడ కింద రెండు వేళ్ళు పెట్టి తడిమింది. "ఆట నుంచి అవుట్. సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఎన్ని రోజులు వాడమంటే అన్ని రోజులూ వాడాలి. మీ నాన్న మధ్యలో ఆపేద్దామంటే నాకు చెప్పు, మా నాన్నని పంపిస్తాను."

అందరూ నావైపు తిరిగి చూశారు. నేను లేచి నిలబడి నమస్కారం పెట్టాను. ఇంకేం చేయను.

ఇక్కడిదాకా చదివి, కథ చివర ప్రతిజ్ఞ ఉండాలని మేఘన రెండో షరతు పెట్టింది. అందుకని, పద్మ, ఖాజా సాక్షులుగా, శేషు మైకులో చదవగా, ఖాళీ బిస్కెట్ డబ్బా మీద చెయ్యి వేసి ఇలా ప్రమాణం చేశాను. ఆటోనగర్ వాస్తవ్యుడు, చెవి రాంబాబు అనబడే నేను, ఇకమీదట మనుషులకి లారీ వైద్యం చేయను. డాక్టరు రాసిన మందు డాక్టరు ఆపమనేదాకా ఆపను, ఆపనివ్వను. మిగిలిన మాత్ర దాచను, బావమరిదికి పెట్టను. డాక్టరు మాట్లాడుతుండగా ఫ్యాను వంక చూడను. మందుల విషయంలో, ఒంటి విషయంలో ఇంట్లోవాళ్ళకి అబద్ధం చెప్పను. ఇది చదివి శేషు మైకు ఆపాడో లేదో రెండుసార్లు చూసుకున్నాడు.

ఇంత ఘనంగా ప్రమాణం చేసినవాణ్ణి అప్పుడే ఒకసారి తప్పాను. మొన్న మళ్ళీ సూది వేయించుకుని స్కూటరు మీద ఇంటికొస్తున్నాం. నొప్పికి మేఘన నా వీపు మీద వాలి కూర్చుంది. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్కు, లారీలు, ఆటోలు, హారన్లు.

"నాన్నా, నా గుండె చప్పుడు నీ వీపుకి వినిపిస్తోందా?"

"ఇంత గోలలో ఏం వినిపిస్తుందమ్మా?" అన్నాను.

నా చెవి ఎలాంటిదో ఆటోనగర్‌లో ఎవరినైనా అడగండి.